ఉప్పు తగలకుండా దాచిన కంప్యూటరు

ఒమాన్ వెళ్ళొచ్చానని తెలియగానే మా వీధిలో అందరూ అడిగిన మొదటి మాట, "బంగారం ఏం తెచ్చావు?" అని. నేను తెచ్చింది చేతికి కట్టుకునే ఒక నల్ల ప్లాస్టిక్ కంప్యూటరు, ముల్లు ఉన్న ఒక మీటరు. చూపిస్తే ఇదేం ఖర్మ అన్నట్టు చూశారు. గుమ్మంలో నిలబెట్టి ఒక్కొక్కరికీ విడమర్చి చెప్పే ఓపిక నాకు లేదు. అందుకే రాస్తున్నాను.

మాది విశాఖపట్నం. యాభై దాటాక నాకు సముద్రంలో మునిగే పిచ్చి పట్టుకుంది. వీపున గాలి పీపా, నోట్లో గొట్టం, చేతికి డైవ్ కంప్యూటరు. ఈ మూడోది ఏమిటో చెప్పకపోతే మిగతా కథ అర్థం కాదు. లోతుకి వెళ్ళేకొద్దీ మనం పీల్చే గాలిలోని నైట్రోజన్ ఒంట్లోకి ఇంకుతుంది. తొందరపడి పైకొస్తే అది బుడగలు కట్టి మనిషిని మంచాన పడేస్తుంది. ఎంత లోతులో ఉన్నాం, ఇంకా ఎంతసేపు ఉండొచ్చు, ఎంత నెమ్మదిగా పైకి రావాలి, ఆ లెక్కంతా ఈ కంప్యూటరు చూసుకుంటుంది.

కిందటి చలికాలం మా ఊరి సముద్రంలోనే, నీళ్ళ అడుగున, నా కంప్యూటరు తెర ఉన్నట్టుండి ఖాళీ అయిపోయింది. పక్కనే ఇన్‌స్ట్రక్టర్ ఉన్నాడు, క్షేమంగా పైకొచ్చాం. నా బుద్ధి గడ్డి తిని ఆ సంగతి రాత్రి అన్నాల దగ్గర నవ్వుతూ చెప్పాను. మా ఆయన కలుపుకున్న ముద్ద కంచంలోనే వదిలేశారు. ఆయన కరెంటు డిపార్టుమెంటులో ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. ఒక లైను పోతే అందుకోవడానికి రెండో లైను లేకపోవడం కన్నా ఘోరం ఆయన లెక్కలో మరోటి లేదు.

ఒమాన్ ప్రయాణం ఖాయమయ్యాక ఆయన నా దగ్గర ఒక మాట తీసుకున్నారు. అక్కడ రెండో కంప్యూటరు కొనాలి. కొన్నాక కూడా ఏదైనా తేడా జరిగితే ఇక జన్మలో నీళ్ళ జోలికి వెళ్ళకూడదు. సరేనన్నాను. పాత కంప్యూటరుకి బ్యాటరీ అయిపోయిందని తేలితే దాన్ని తనే తీసుకెళ్ళి సర్వీస్ సెంటర్‌లో మార్పించుకొచ్చానని చెప్పారు. అదీ మేం బయల్దేరినప్పటి పరిస్థితి.

ఘుబ్రా

మస్కట్‌లో మా మరిది వాళ్ళు ఘుబ్రాలో ఉంటారు. మరిది డ్యూటీ మీద సలాలాలో ఉండిపోవడంతో మమ్మల్ని తిప్పే భారం తోడికోడలు సుజాత మీద పడింది. బాల్కనీలో కుండీల్లో గోంగూర పెంచుతుంది. దిగిన పూట ఆ గోంగూరే పప్పులో వేసి పెట్టింది. ఇంత దూరం వచ్చి గోంగూర పప్పా అని మా ఆయన ముందు గొణిగి, తర్వాత మూడుసార్లు వడ్డించుకున్నారు.

సాయంత్రం చాయ్ తాగుదామని బయటికి తీసుకెళ్ళింది. దుకాణం ముందు కారాపి హారన్ కొట్టింది, అంతే. దిగనక్కర్లేదు, చాయ్ కారు దగ్గరికే వస్తుంది. మన దగ్గర టీ కోసం హారన్ కొడితే గరిట పట్టుకుని కొట్టడానికి వస్తారు. మా ఆయన సిగ్గుతో సీటులో కిందికి జారిపోయారు. యాలకులు బాగా దట్టించిన ఆ చిక్కటి చాయ్‌ని కరక్ అంటారు. దాంతోపాటు పరోటాలో చీజ్ రాసి, బంగాళాదుంప చిప్స్ నలిపి చల్లి, చుట్టి ఇస్తారు. ఇది టిఫినా, అల్లరా అన్నారు మా ఆయన. రెండోది కూడా చెప్పించుకున్నారు.

దుకాణంలో

డైవింగ్ సామాన్ల దుకాణంలో ఉన్నది ఒక మలయాళీ. ఆయన హిందీ, నా హిందీ ఇంచుమించు ఒకే స్థాయివి కాబట్టి బాగా మాట్లాడుకున్నాం. గాజు బల్ల మీద కంప్యూటర్లు వరసగా పరిచాడు. కొన్ని అచ్చం చేతి గడియారాల్లా ముచ్చటగా ఉన్నాయి. అలాంటిదే ఒకటి నచ్చి చేతికి పెట్టుకున్నాను కూడా.

"కళ్ళద్దాలు తియ్యి," అన్నారు మా ఆయన. "చెయ్యి చాపి చదువు."

చదవలేకపోయాను. నాకు చత్వారం వచ్చి చాలా కాలమైంది. నీళ్ళలో మాస్కు లోపల కళ్ళద్దాలు పెట్టుకోలేం కదా. ముచ్చటైనవన్నీ ఆ పరీక్షలో తప్పాయి. నెగ్గింది ఒక్కటే, మా అమ్మాయి చిన్నప్పటి కాలిక్యులేటరంత మందంగా, పెద్ద పెద్ద అంకెలతో, అందం అనేది దగ్గర్లోకి రాకుండా చేసినది.

రెండో ప్రశ్న లెక్క గురించి. ఒక్కో కంపెనీ ఒక్కో పద్ధతిలో ఆ నైట్రోజన్ లెక్క కడుతుందట. ఒకటి ఇంక చాలు పైకి పద అంటే, రెండోది ఇంకాస్త ఉండొచ్చు అనొచ్చు. అప్పుడు ఎక్కువ జాగ్రత్త చెప్పినదాని మాటే వినాలి అన్నాడు మలయాళీ. మా ఆయన దానికి ఒప్పుకోలేదు. ఒకే ఇంట్లో ఇద్దరు పెద్దలు రెండు మాటలు చెబితే ఎలా ఉంటుందో నాకు తెలుసు, రెండిటికీ ఒకే లెక్క ఉన్నది చూపించండి అన్నారు. అదృష్టం కొద్దీ ఆ మందపాటిది నా పాతదాని పద్ధతే.

ఇక పీపాలో గాలి ఎంత మిగిలిందో చూపే మీటరు. పీపాకి ఒక చిన్న యంత్రం బిగిస్తే అంకె చేతి కంప్యూటరులోనే కనిపించే ఏర్పాటు ఉంది. దానికీ బ్యాటరీ కావాలని వినగానే మా ఆయన చెయ్యి అడ్డంగా ఊపారు. బ్యాటరీకి ఇంకో బ్యాటరీ కాపలా ఏమిటన్నారు. ముల్లు తిరిగే మామూలు మీటరు తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, పాత స్నేహితుడు కనిపించినట్టు సంబరపడ్డారు. ముల్లు అబద్ధం చెప్పదట.

రియాళ్ళలో ధర వింటే ముచ్చటగా చిన్న అంకెలా ఉంటుంది. మా ఆయన పెదాలు కదుపుతూ రూపాయల్లోకి మార్చడం మొదలుపెట్టి, మధ్యలో మానేశారు. తగ్గించమని సుజాత చేత అడిగిస్తే ఆ మలయాళీ నవ్వి, తాబేలు బొమ్మ స్టిక్కర్లు రెండిచ్చాడు. వచ్చేస్తుంటే వెనక నుంచి, మొదటి మునక నుంచీ రెండు కంప్యూటర్లూ కట్టుకోండి మేడమ్ అని చెప్పాడు. అమ్మినవాళ్ళు అలాగే చెబుతారులే అనుకుని తలూపాను.

ఇంటికి రాగానే సుజాత రెండిటికీ పసుపు రాసి బొట్టు పెట్టి దేవుడి దగ్గర ఉంచింది. కొత్త వస్తువు కదా.

అల్ అమెరాత్ కొండ అవతల

మర్నాడు సాయంత్రం సుజాత మమ్మల్ని కొండ దారిలో అల్ అమెరాత్ తీసుకెళ్ళింది. దారి ఎంత నిటారుగా ఉందంటే మా ఆయన సుజాతకి బదులు తనే బ్రేకు తొక్కుతూ కూర్చున్నారు. కొండ దిగితే చుట్టూ లేస్తున్న ఇళ్ళు, ఇటుకలు, క్రేన్లు. ఒక చాయ్ దుకాణం ముందు దిగితే మా తెలుగు విని ఒకాయన పలకరించాడు. పేరు లింగన్న, నిర్మల్ వైపు మనిషి. పక్క సైట్‌లోనే పనట.

నా కుడి చేతికి పాత డైవ్ కంప్యూటరు, ఎడమ చేతికి మామూలు వాచీ ఉన్నాయి. వాటి వంక చూసి అడిగాడు. "రెండు గడియారాలు వెట్టుకున్నవేందమ్మా? ఒకటి ఇండియా టైమా?"

కాదు, ఇది సముద్రం అడుగున పెట్టుకునేది అన్నాను.

"సముద్రంల పనా? ఏ కంపెనీ?"

కంపెనీ లేదు, జీతం లేదు, మేమే డబ్బు కట్టి దిగుతాం అని చెబితే చాయ్ గ్లాసు కింద పెట్టేశాడు. "ఉత్తగనే దిగుతరా?" అని మా ఆయన్ని అడిగాడు, నన్ను కాదు. మా ఆయనకి ఇంతకాలానికి సరైన తోడు దొరికాడు. ఇద్దరూ నా గురించి చాలాసేపు విచారించారు. లింగన్న తన రూమ్‌లో వాళ్ళంతా ఫోనులో రెండు టైములూ పెట్టుకుంటారని, ఇంటికి ఫోన్ చేసే వేళ తప్పకూడదు కదా అని చెప్పాడు. మా చాయ్‌కి మమ్మల్ని డబ్బివ్వనివ్వలేదు.

దీవుల దగ్గర

దైమానియాత్ దీవులకి పడవ పొద్దున్నే బయల్దేరుతుంది. తెల్లటి ఇసుక, తెల్లటి రాయి, చెట్టు నీడ అన్నది లేదు. నీళ్ళు మాత్రం మా ఊళ్ళో ఏ వేసవిలోనూ చూడనంత తేటగా ఉన్నాయి. మా ఆయనకి ఈత రాదు. లైఫ్ జాకెట్ బిగించుకుని పడవ మధ్యలో, ఏ అంచుకీ దగ్గర కాకుండా కూర్చున్నారు.

మా గైడు సాలిమ్ మస్కట్ మనిషి, హిందీ గలగలా మాట్లాడతాడు. ఎక్కగానే నా ముల్లు మీటరు అడిగి తీసుకుని పీపా గొట్టానికి బిగించేశాడు. కంప్యూటరు మాత్రం నేనివ్వలేదు. సంచిలో దాని అట్టపెట్టెలోనే ఉంది, తెర మీద ప్లాస్టిక్ పొర కూడా తీయలేదు. పొద్దున బయల్దేరే ముందు చేతిలోకి తీసుకుని చూశాను. కొత్తది, ముద్దుగా ఉంది, ఉప్పునీళ్ళు తగిలితే పాడైపోతుందేమో అనిపించింది. పాతది ఎలాగూ పనిచేస్తోంది కదా, అవసరమైతే అప్పుడే తీద్దామనుకున్నాను. సముద్రంలో వాడే వస్తువుకి ఉప్పు తగలకూడదని దాచిన మనిషిని మీరెక్కడా చూసుండరు. మన ఇళ్ళల్లో మాత్రం బీరువాలో కొత్త దుప్పట్లు పెట్టుకుని చిరుగు దుప్పటి కప్పుకునేవాళ్ళు బోలెడుమంది.

మొదటి మునక హాయిగా సాగింది. పసుపు చేపలు గుంపులు గుంపులుగా వచ్చి మమ్మల్ని చూసి పోయాయి. రాతి అంచు కింద ఒక తాబేలు నిద్రపోతోంది. దాని మొహం అచ్చం మా ఆఫీసులో సీనియర్ మేనేజరుగారిది. నవ్వొచ్చి మాస్కులోకి నీళ్ళు వచ్చాయి. అవి ఊదేసుకుని చేతి వంక చూస్తే కంప్యూటరు తెర లోపల ఒక నీటి బొట్టు అటూ ఇటూ దొర్లుతోంది. కాసేపటికి అంకెలు చెదిరి, చివరికి తెర నల్లబడింది.

భయం వెయ్యలేదు అంటే అబద్ధం. మొదట గుర్తొచ్చింది నా ప్రాణం కాదు, నేనిచ్చిన మాట. సాలిమ్‌కి చెయ్యి చూపించాను. అతను నా ముల్లు మీటరు చూశాడు, గాలి కావలసినంత ఉంది. తన కంప్యూటరు నాకు కనిపించేలా చెయ్యి పెట్టి, మెల్లగా, మధ్యలో ఆగవలసిన చోట ఆగుతూ పైకి తెచ్చాడు.

పడవెక్కి, ఏమీ కానట్టే సంచి తెరిచి, అట్టపెట్టె తీసి, పొర పీకి, కొత్తది చేతికి పెట్టుకున్నాను. దాచింది ఇందుకే కదా అని లోపల కాస్త గర్వం కూడా. రెండో మునకకి అందరూ సిద్ధమవుతున్నారు. సాలిమ్ నా చెయ్యి పట్టుకుని ఆ తెర చూశాడు. అడ్డంగా తలూపాడు.

"ఇది పొద్దున మీతో కిందికి రాలేదు సిస్టర్," అన్నాడు హిందీలో. "మీ ఒంట్లో ఇప్పుడెంత నైట్రోజన్ ఉందో దీనికి తెలీదు. మీరింకా నీళ్ళు తాకలేదనుకుని లెక్క కడుతుంది."

నేను ఊరుకోలేదు. లోతుకి వెళ్ళనన్నాను, అతని పక్కనే ఉంటానన్నాను, ఇంత దూరం నుంచి వచ్చానన్నాను. అతను కోప్పడలేదు, ఒప్పుకోనూ లేదు. ఈ రోజుకి ఇంతే, ఒక పూర్తి రోజు ఒంట్లోని నైట్రోజన్‌ని ఆరనిచ్చి ఎల్లుండి రండి, అప్పుడు మీరూ కొత్తే, అదీ కొత్తే అన్నాడు. దుకాణంలో మలయాళీ మాట అప్పుడు చెవిలో గింగురుమంది. నోరు మూసుకుని ఒక మూల కూర్చున్నాను. మిగతావాళ్ళు నీళ్ళలోకి దూకారు.

మా ఆయన నా పక్కకి వచ్చి కూర్చున్నారు. ఇక అయిపోయింది, ఇప్పుడంటారు అనుకున్నాను. ఆయన పాత కంప్యూటరు తీసుకుని, నాణెంతో వెనక మూత తిప్పి తెరిచి, చాలాసేపు లోపలికి చూశారు. మళ్ళీ మూసేసి జేబులో వేసుకున్నారు. తిరుగు ప్రయాణమంతా దీవుల వంకే చూస్తూ కూర్చున్నారు.

షినాస్

మర్నాడు సుజాత మమ్మల్ని షినాస్ తీసుకెళ్ళింది. ఉత్తరాన, చాలా దూరం. ఒక ఇంట్లో పనిచేసే సత్యవతికి తాళ్ళరేవు నుంచి వాళ్ళ అక్క మా చేత పంపిన పొట్లం ఇవ్వాలి. పొట్లంలో ఎండు రొయ్యలు. అందుకే సూట్‌కేసులో నా చీరలన్నీ అదే వాసన. తీరా షినాస్‌లో దిగేసరికి ఒడ్డు పొడుగునా చిన్న చేపలు ఎండబోసి ఉన్నాయి. మనుషులకేనా అని అడిగితే, పశువులకీ ఒంటెలకీ అన్నారు. మన దగ్గర ఆ చేపలకి మామిడికాయ వేసి పులుసు పెడితే ఇల్లంతా పండగ. ఇక్కడ ఒంటె తింటోంది.

సత్యవతి గేటు దగ్గరే ఎదురొచ్చి, పొట్లం ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకుంది. "మా మామా లోపలికి రమ్మంటందండి," అంది. మా ఆయన చొక్కా సర్దుకుని, మామగారు ఎక్కడా అని చూస్తున్నారు. లోపలి నుంచి వచ్చింది నల్లని అబాయా వేసుకున్న ఒక పెద్దావిడ. అక్కడ పనిచేసేవాళ్ళు యజమానురాలిని మామా అంటారట. సత్యవతి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

ఆవిడ ఖర్జూరాలు పెట్టి, చిన్న పింగాణీ కప్పుల్లో కహ్వా పోసింది. పాలూ చక్కెరా లేని పల్చటి కాఫీ అది. తాగుతున్నకొద్దీ పోస్తూనే ఉంది. మన దగ్గరైతే విస్తరి మీద చెయ్యి అడ్డం పెడతాం. అలాగే కప్పు మీద చెయ్యి పెట్టినా మా ఆయనకి లాభం లేకపోయింది. కప్పు అటూ ఇటూ ఊపి ఇస్తేనే చాలని అర్థమట. అది సత్యవతి చెప్పేటప్పటికే ఆయన ముఖం ఎర్రబడింది.

తర్వాత ఒడ్డుకి నడుచుకుంటూ వెళ్ళాం. నేను సముద్రంలో ఏం చేస్తానో సత్యవతికి చెప్పాను. నిన్న జరిగింది కూడా చెప్పాను, సగంలో ఆపేశారని కాస్త నిష్ఠూరంగానే. ఆవిడ సముద్రం పక్కనే పుట్టిన మనిషి.

"మా నాన్న కూడా అంతేనండి," అంది. "గాలి మారితే చేపల ఏట సగంలో వదిలేసి వచ్చేసేవోడు. ఊళ్ళో అందరూ ఏడిపించేవోరు. ఆయనతో ఏటకెళ్ళినోళ్ళు కొందరు తిరిగిరాలేదండి. మా నాన్న మా పెద్దోడి పెళ్ళి కూడా చూసేడు."

ఆ మాట తను మామూలుగా చెప్పి, ఎండబోసిన చేపల మీద వాలిన కాకుల్ని అదిలించడానికి వెళ్ళింది. మా ఆయన జేబులోంచి పాత కంప్యూటరు తీసి నా చేతిలో పెట్టారు.

సర్వీస్ సెంటర్‌లో చాలా రోజులు పడుతుందన్నారట. ప్రయాణం దగ్గర పడింది. అందుకని దాన్ని మా సందు చివర చేతి గడియారాలు బాగుచేసే అతని దగ్గరికి తీసుకెళ్ళారు. అతను ఎంతో శ్రద్ధగా బ్యాటరీ మార్చి, మూత గట్టిగా ఉండాలని చుట్టూ జిగురు కూడా పూశాడు. లోపలి రబ్బరు రింగు మెలికపడి ఆ జిగురులోనే అంటుకుపోయింది. నీళ్ళు దూరకుండా ఆపేది ఆ రింగే.

"తేడా చేసింది నేను," అన్నారు. "మాట తీసుకున్నదీ నేనే."

నాకు కోపం రావలసింది, రాలేదు. కొత్తది పెట్టెలో దాచిన ఘనత నాదే కదా, అదే అన్నాను. ఆయన ఇసుక వంక చూస్తూ, అది నిన్న పొద్దున సంచిలో తను చూశానన్నారు. చూసి కూడా చెప్పలేదు. కొత్తది పాడవకుండా ఉంటుందిలే అని ఆయనకీ అనిపించిందట. ముప్ఫై ఏళ్ళుగా ఒకే బీరువా వాడుతున్న ఇద్దరం మేము. నవ్వు ఆగలేదు. సుజాత ఏమైందో అని పరిగెత్తుకుంటూ వచ్చింది.

నవ్వు తగ్గాక అడిగాను, మరి రేపు పడవకి చెప్పమంటారా అని. ఆయన, "నీ ఇష్టం," అన్నారు. పెళ్ళైన ఏ ఆడదాన్నైనా అడగండి, ఆ మాటకి అర్థం వద్దనే చెబుతుంది. మధ్యాహ్నం సుజాత తెలిసిన చోట కాల్చిన వంజరం పెట్టించింది, నిమ్మకాయ పిండి, అన్నం మీద. చేప బ్రహ్మాండంగా ఉంది. నేను మాత్రం లేని ముళ్ళు ఏరుతూ కూర్చున్నాను. సాలిమ్‌కి ఫోన్ చేసి రేపు వస్తానన్నాను గానీ, మాట నిలబెట్టుకున్నట్టో తప్పినట్టో నాకే తెలియదు.

మళ్ళీ పడవ మీద

ఆ పొద్దున మా ఆయన రారనుకున్నాను. నాకంటే ముందే తయారై కారు దగ్గర నిలబడి ఉన్నారు.  పడవ మీద ఈసారి మధ్యలో కూర్చోలేదు, పీపాలు కట్టి ఉన్న వెనక భాగానికి వచ్చి, అంచు పట్టుకుని నిలబడ్డారు. చేతి వేళ్ళు తెల్లబడేలా పట్టుకున్నారు పాపం.

సాలిమ్ నా పీపా సరిచూశాడు, ముల్లు చూపించాడు. కొత్త కంప్యూటరు చేతికుంది. ఇవాళ దానికి తోడు లేదు, అందుకని అతను తన పక్కనే, తక్కువ లోతులోనే అన్నాడు. ఒప్పుకున్నాను. మొన్నటి మనిషిని కాదు నేను.

పడవ అంచు మీద కూర్చున్నాను. మా ఆయన వంగి, నా చేతి కంప్యూటరు పట్టీ ఒక రంధ్రం బిగించారు. వదులుగా ఏం లేదు, ఊరికే.

"మొన్న అతను వద్దంటే గొడవ చేస్తూ దూకేస్తావనుకున్నాను," అన్నారు. "కూర్చున్నావు."

అవునన్నాను. కూర్చోవడం నాకెంత కష్టమైందో కూడా చెప్పాను.

"చూశాను," అన్నారు. "ఆగడం తెలిసినదాన్ని ఇంట్లో కట్టేసుకుని ఏం చేస్తాను? నువ్విచ్చిన మాట ఇక మర్చిపో."

నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అప్పటికే మాస్కు పెట్టేసుకున్నాను, తుడుచుకునే వీలు లేదు. సాలిమ్ నీళ్ళలోంచి చెయ్యి ఊపుతున్నాడు. నేను ఇంకా ఆయన వంకే చూస్తున్నాను. నిన్నటి ఆ నీ ఇష్టం ఇంకా మిగిలే ఉందని ఆయనకీ తెలుసు.

ఆయన అంచు మీద నుంచి ఒక చెయ్యి తీసి నా భుజం మీద వేసి, "వెళ్ళిరా," అన్నారు.

నేను వెనక్కి ఒరిగి నీళ్ళలో పడ్డాను.